నా చేత్తో చేసిన తోరణం

ఆ రిజిస్టరు ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. అందులో ఒక తొమ్మిదేళ్ల బాబు పేరుకు ఎదురుగా, నా దస్తూరీతోనే, "మొండి. చెప్పిన పని చేయడు" అని ఉంటుంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పడం నా ఉద్యోగం. 2016 నాటి చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలూ నాకు కంఠతా వచ్చు. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టాలనీ, చేయి పట్టి చేయించినా ఆ పట్టు క్రమంగా సడలించాలనీ, ముందు చేయి, తర్వాత మణికట్టు మీద ఒక వేలు, ఆ తర్వాత ఉత్త సైగ, చివరికి అదీ ఉండకూడదనీ డిప్లొమా పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను.

డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవానికి ప్రదర్శన పెట్టాలన్నారు. రంగు కాగితాల పూలతో తోరణాలు చేయిద్దామనుకున్నాను. బాబుకి ఆటిజం. మడతలు ఎంత పొందిగ్గా పెట్టేవాడో! మైదా జిగురు గిన్నె ముందుకు రాగానే చేతులు వెనక్కి దాచుకునేవాడు. నేను వాడి వేళ్లు పట్టుకుని గిన్నెలో ముంచాను. ఒకసారి కాదు, రోజూ. ఐదో రోజున వాడు తన మణికట్టు తనే కొరుక్కున్నాడు. ఆ సాయంత్రమే రిజిస్టరులో ఆ మాట రాశాను.

ఆటిజం ఉన్న కొందరు పిల్లలకు తడి, జిగట మనకు తగిలినట్టు తగలవు. ఒంటికి భరించరానివవుతాయి. ఇదీ నేను చదువుకున్నదే.

తర్వాత రెండు రాత్రులు కూర్చుని తోరణాలన్నీ నేనే పూర్తి చేశాను. ఒక్కోదానికి ఒక్కో పిల్లవాడి పేరుతో చీటీ కట్టాను. వచ్చిన పెద్దలు మెచ్చుకున్నారు. బాబు వాళ్లమ్మ బజారులో పూలమ్ముతుంది. కొడుకు పేరున్న తోరణాన్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడిమి చూసి అడిగింది: "టీచరమ్మా, ఇందులో మావోడు చేసింది ఏది?"

రంగులు కుదరలేదని వాడు మడిచిన కాగితాలు కూడా తీసేశాను. చూపించడానికి ఒక్క పువ్వూ లేదు.

బంతిపూలూ చేమంతులూ వేరుచేసి గంపల్లో పోసేది ఇంట్లో వాడేనట. "నీళ్లు చల్లకముందే ఇయ్యాలమ్మా, తడిస్తే ముట్టుకోడు" అంది. నాకు కావలసిన పాఠం ఆమె దగ్గరుంది. వాడు నా దగ్గర చదువుతున్న రెండేళ్లలో ఒక్కసారీ ఆమెను అడగలేదు.

జనవరిలో మళ్లీ మొదలుపెట్టాం. ముందు కందులు, తర్వాత ఇసుక, చాలా రోజులకు తడి ఇసుక. జిగురుకి వేళ్లు వద్దని బ్రష్షు ఇచ్చాను. పువ్వంతా నేను చేసి, దారానికి నొక్కి అంటించే ఆఖరి పని మాత్రం వాడికి వదిలాను. అది వచ్చాక జిగురు రాయడమూ వాడికే ఇచ్చాను. ఇలా వెనకనుంచి ముందుకు వచ్చేసరికి ఏప్రిల్ అయింది. వాడి తోరణానికి మూడే పూలు, ఒకటి తలకిందులు. నా చేయి ముందుకు పోయింది, సరిచేద్దామని. వెనక్కి తీసుకున్నాను. ఆ తోరణం ఇప్పుడు వాళ్ల గుమ్మానికి ఉంది.

రిజిస్టరులో నేను రాసిన మాట కొట్టేయలేదు. దాని కిందే తేదీ వేసి రాశాను: "తడి పడదు. బ్రష్షు ఇస్తే తనే అంటిస్తాడు. తల్లి చెప్పింది."