వీణా, నా వీపూ

సంగీతం మనసుకు మందని అందరూ చెబుతారు. ఆ మందు ఒంటబట్టాలంటే ముందు వీపుకి అమృతాంజనం పట్టించాలని మాత్రం ఒక్కరూ చెప్పరు.

రిటైరయ్యాక నేను వీణ పట్టాను. బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగలో తొలిచింది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. బాసింపట్టు వేసుకుని, బుర్రను ఎడమ తొడమీద ఆనించి, కాడ కిందుగా చెయ్యి చుట్టి, ఇరవైనాలుగు మెట్లమీదికి మెడ వంచి చూస్తే తెలుస్తుంది: సరస్వతీదేవి నెమలిమీద కూర్చుని వాయించేది ఊరికే కాదు, ఆవిడకి నేల పడలేదు!

మనవాళ్ళతో చిక్కేమిటంటే, నొప్పిని కూడా సాధకంలో జమకట్టేస్తారు. వేళ్ళు కాయలు కాశాయంటే శభాష్ అనొచ్చు, అది తీగకి చర్మం చెప్పుకున్న జవాబు. మణికట్టు గుంజుతోందన్నా అదే శభాష్! లోపలి కండరాలకు కాయలు కాయవు మహానుభావా, వాచిపోతాయి. జర్మనీలో షూమన్ అనే ఆయన వేళ్ళ బలానికని ఒక యంత్రం తగిలించుకున్నాడు. కుడిచేతి వేలు చెడి, పియానో విద్వాంసుడు కావాలన్న ఆశ వదులుకున్నాడు. తప్పు యంత్రానిదేనా అని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. ఆయనకైతే స్వరాలు కూర్చే విద్య ఉంది, గట్టెక్కాడు. నాకు పెన్షన్ తప్ప ఏముంది?

నిజం నొప్పులకు దిక్కులేదు గానీ, లేని జబ్బుకి భలే గౌరవం దక్కింది. పెద్ద ఫిడేలులాంటి చెల్లో వాయించే మగవాళ్ళకు చెప్పుకోలేని చోట ఒరుసుకుంటోందని 1974లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక ఉత్తరం అచ్చయింది. అది వేళాకోళమని ఎలేన్ మర్ఫీ అనే డాక్టరమ్మ, ఆవిడ భర్త 2009లో బయటపెట్టారు. చెల్లో పట్టుకునే తీరు ఒక్కసారి చూస్తే చాలు, అది ఆ చోటికి తగలదని తెలిసిపోయేది.

మా వీణ టీచరు మా అమ్మాయి ఈడుది. "అంకుల్, భుజం దించండి. దవడ ఎందుకండీ బిగిస్తారు, దాంతో వాయించం కదా!" అంటుంది. పిరుదుల కింద మడతపెట్టిన దుప్పటి వేయించింది, మోకాళ్ళు బతికాయి. ముందు సరళీ స్వరాలు నింపాదిగా, చేతులు వేడెక్కాకే వేగం. అరగంటకోసారి లేచి నడవాలి. చురుక్కుమంటే ఆ పూటకి వీణ గోడకే. విరామంలో ఫోన్ పట్టుకుంటే అది విరామం కాదట, మెడా బొటనవేలూ మళ్ళీ డ్యూటీలోకే.

ఫోన్ లేని విరామం మా ఆవిడ కంటపడింది. కొబ్బరి కోరమంది.

"మణికట్టు పని, టీచరు వద్దంది" అన్నాను.

"అయితే వీణ మోచేత్తో వాయిస్తున్నారా?" అని చిప్ప చేతిలో పెట్టింది.