మాస్టారి వేసవి లేఖలు

వేసవి సెలవులకి బెంగళూరు సర్జాపుర అపార్ట్‌మెంట్లలోకి ఆవకాయ జాడీలతో పాటు ఒక బాలసాహితీవేత్త కూడా దిగుతారు. రిటైరైన తెలుగు మాస్టారు, కొడుకు సాఫ్ట్‌వేరు. లిఫ్టులో ఇట్టే పోల్చుకోవచ్చు, చేతిలో ఇన్‌లాండు లెటరుంటుంది. ఉప్పూ పప్పూ పది నిమిషాల్లో గుమ్మంలోకొచ్చే ఊళ్లో, 2.50 రూపాయల ఇన్‌లాండు పోస్టు చెయ్యడానికి ఆటోకి 150 పోసే మనిషి ఆయనొక్కరే.

ఉత్తరం తెనాలి మిత్రుడికి. చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరు కదా, తన ఉత్తరాలూ అక్కడుంటేనే చరిత్రకి మేలని మాస్టారి ఉద్దేశం. ఎదురుపడితే "ఒరే" అనుకునేవాళ్లు, ఉత్తరంలో "ప్రియమిత్రమా" అయిపోతారు. పదకొండో అంతస్తు బాల్కనీలోంచి కనిపించేవి నీళ్ల ట్యాంకర్లు, క్రేన్లు. అవి ఉత్తరంలోకి రావు. కోయిలొస్తుంది, ఉడతొస్తుంది, పోయేముందు ఆ ఉడత ఓ నీతి కూడా చెబుతుంది. ఈలోగా మనవడొచ్చి "తాతా, కథ చెప్పవూ?" అంటే, "పిల్లల కోసం రాసుకుంటున్నాను, విసిగించకు, అవతలికి ఫో!" అని కసురుతారు.

అంటించేముందు ప్రతి ఉత్తరాన్నీ కోడలి చేత ఫొటో తీయిస్తారు. రేపు 'లేఖావళి' వెయ్యొద్దూ? ఇందులో ఆయనకి ఆదర్శం ఇంగ్లీషు పిల్లల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్. 1893 సెప్టెంబరు 4న, సెలవులకి స్కాట్లండు వెళ్లిన ఆవిడ, జబ్బుపడ్డ ఐదేళ్ల నోయెల్ మూర్‌కి నాలుగు కుందేలుపిల్లల కథ బొమ్మలు వేసి మరీ రాసింది. కొన్నేళ్లకి ఆ ఉత్తరాన్నే అడిగి తెప్పించుకుని పుస్తకంగా పెంచింది. ప్రచురణకర్తలు వద్దంటే 1901లో సొంత డబ్బుతో 250 కాపీలు అచ్చేయించుకుంది. మాస్టారు సొంత డబ్బు దాకా ఆవిడ అడుగుజాడల్లోనే నడిచారు. అసలా ఉత్తరం ఓ పిల్లాడికి రాసిందన్న సంగతొక్కటే దారిలో జారిపోయింది.

మిత్రుడేమంటాడంటారా? వారానికోసారి ఫోను చేస్తాడు. "ఒరే, ఉత్తరం అందింది. నీ దస్తూరీ నా కళ్లకి ఆనడం లేదు, వాట్సాప్‌లో మాట్లాడి పంపరాదూ?" మాస్టారు ఆ పూట అన్నం సరిగ్గా తినరు. మర్నాడు మరింత చిన్న అక్షరాలతో ఇంకొకటి రాస్తారు.

మీ బ్లాకులో ఈయన తగిలితే తప్పించుకుపోకండి. మీ పిల్లాడి పేర ఒక్క ఇన్‌లాండు రాయించండి. ఫొటో తీసుకుంటానంటే మాత్రం వద్దనకండి.