పరుగు కోసం పుట్టాను

నేను జాగ్‌బ్రాను. 1977లో అమెరికాలోని బర్లింగ్టన్ ఊళ్లో మొదలైన స్పోర్ట్స్ బ్రా వంశంలో తొలితరం దాన్ని. ఇప్పుడు ఒంటినిండా కంచుపూతతో వెర్మాంట్ విశ్వవిద్యాలయ నాటకశాలలో, వేషాలకు దుస్తులు కుట్టే గది దగ్గరే ఉంటున్నాను.

నా పుట్టుకకు కారణం నొప్పి. లీసా లిండాల్‌కు పరుగంటే ప్రాణం. పరుగెడితే మామూలు బ్రా పట్టీలు జారేవి, కొక్కేలు ఒరుసుకునేవి, రొమ్ములు సలిపేవి. మగ ఆటగాళ్లకు లోపల వేసుకునే సపోర్టర్ ఉన్నప్పుడు ఆడవాళ్లకు ఎందుకు లేదని ఆమె తోబుట్టువు ఫోనులో అడిగింది. లీసా భర్త నవ్వించడానికి తన సపోర్టరును ఛాతీకి తగిలించుకుని వచ్చాడు. లీసాకు అందులో దారి కనిపించింది. నాటకాలకు దుస్తులు రూపొందించే చిన్ననాటి స్నేహితురాలు పాలీ స్మిత్ రెండు సపోర్టర్లను కత్తిరించి కలిపి కుట్టింది. పాలీకి సాయంగా ఉన్న హిండా మిల్లర్, లీసా పరుగెడుతుంటే ఆమెకు ఎదురుగా వెనకడుగులతో పరుగెడుతూ రొమ్ముల కదలికను గమనించేది. ఏ ప్రయోగశాలా లేదు. ముగ్గురు ఆడవాళ్లు, ఒక కుట్టుమిషను, ఒక రోడ్డు. అందుకే వాళ్లంటే నాకంత గౌరవం.

నా పని ఏమిటో చెబుతాను. రొమ్మును పట్టి నిలిపే కండరం అందులో లేదు. ఉన్నవల్లా పైన చర్మం, లోపల కూపర్ లిగమెంట్లనే సన్నని పోగులు. పరుగులో ఒళ్లు కిందికి దిగుతున్నా రొమ్ము ఇంకా పైకే పోతుంటుంది. అది దిగేసరికి ఒళ్లు మళ్లీ లేస్తుంది. ఆ లాగుడంతా చర్మం మీద, ఆ పోగుల మీద పడుతుంది. కదలిక పైకీ కిందికే కాదు, పక్కలకూ ముందువెనకలకూ ఉంటుంది. దాని జాడ గీస్తే 8 అంకెలా వస్తుంది. ఆధారం లేకపోతే 15 సెంటీమీటర్ల దాకా ఊగవచ్చని ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో జోవన్నా స్కర్ బృందం కొలిచి చూపింది. చిన్న రొమ్ములకూ ఈ బాధ తప్పదు. మేం చేసేది రెండే పనులు: ఛాతీకి అదిమి ఉంచడం, లేదా ఒక్కో రొమ్మును విడి గిన్నెలో నిలపడం. బరువైనవాటికి రెండూ కలిసినవి మేలు.

1979లో నాకు పేటెంటు వచ్చింది. 1999 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో గెలుపు పెనాల్టీ కొట్టిన అమెరికా క్రీడాకారిణి బ్రాండీ చేస్టెయిన్ జెర్సీ విప్పి సంబరపడినప్పుడు లోకమంతా మా జాతిని చూసింది. 2022లో నన్ను తయారుచేసిన ఆ ముగ్గురికీ అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవమందిరంలో చోటు దక్కింది.

ఇంత జరిగినా, రొమ్ములు కదులుతాయన్న సిగ్గుతో పరుగు మానేసే ఆడపిల్లలు ఇంకా ఉన్నారు. కబడ్డీ కోర్టు అంచున చున్నీ సర్దుకుంటూ నిలబడిపోయే పిల్లకు పొగరూ లేదు, బద్ధకమూ లేదు. ఆమెకు ఆధారం లేదు, అంతే. స్పోర్ట్స్ బ్రా అందంకోసం కాదు, బూట్లలాగే ఆటసామాను.

తల్లులారా, పీఈటీ టీచర్లారా, ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పండి. కొనేటప్పుడు అక్కడే గెంతి చూడమనండి. భారమంతా భుజం పట్టీల మీద వేయకుండా కింది పట్టీ ఒంటిని గట్టిగా పట్టాలి, ఊపిరి మాత్రం ఆడాలి. సాగిపోయినదాన్ని పక్కన పెట్టించండి. బూట్లు కొనిచ్చిన రోజే దీన్నీ కొనివ్వండి.