దేవునికి అప్పిచ్చినవాడు

రఘునాథపల్లివంటి గ్రామమున రామాలయమునకు అధ్యక్షులు మారుదురు, కార్యదర్శులు మారుదురు, కాజీపేట–సికింద్రాబాదు మార్గమున పోవు రైళ్ల వేళలు సైతము మారును. మారనివాడు కోశాధికారి యొక్కడే. ఇట్టి చిరస్థాయిత్వమునకు కారణము ఆయన నిజాయితీ యని కొందఱు, కంఠధ్వని యని కొందఱు చెప్పుదురు గాని, ఆ పదవికి మూలస్తంభము ఒక బాకీ.

ఏటేట శ్రీరామనవమి కల్యాణము ముగిసి, పందిరి విప్పి, పానకపు బిందెలు తోమి బోర్లించిన పిమ్మట, ఆయన ఎఱ్ఱ అట్ట చిట్టాను మోకాలిపై నిలిపి, కళ్లజోడు దారమును చెవికి రెండుమార్లు చుట్టి, జమను గడగడ చదివి, ఖర్చును మాత్రము తలంబ్రాల బియ్యము, పసుపుతాడు, సన్నాయివారి చాయ, సన్నాయివారి రెండవ చాయ యని పద్దు పద్దుగా వినిపించి, తుదకు "దేవుడు నాకు పద్నాలుగు వందలు బాకీ ఉన్నడు" అని పుస్తకము మూయును. ఆయనను తొలగింపవలెనన్న బాకీ తీర్పవలెను. తీర్పవలెనన్న చందా వేయవలెను. చందా మాట వినబడగానే సభలో సగము మందికి బఱ్ఱెలు పాలు పితుకు వేళ జ్ఞప్తికి వచ్చును.

ఆయన దొంగ కాడు సుమండీ. చేతిసొమ్ము నిజముగానే వేయును. ఏ యేడైనను మిగులు పొడసూపెనా, ముఖము వాడి, మైకుసెట్టువానిని మఱియొక దినము నిలిపి లోటును పునరుద్ధరించును. ఆయనకు ఆదర్శము కంచెర్ల గోపన్న. సర్కారు పైకముతో భద్రాద్రి గుడి కట్టించి గోలకొండ చెఱలో మ్రగ్గిన యా భక్తుని బాకీని రామలక్ష్మణులే తానాషాకు చెల్లించిరను కథలో, అందఱును కన్నీరు తుడుచుకొనుచోట ఈయన వ్రేలెత్తి, "రసీదు గూడ తీసుకున్నరు, యాదుంచుకోండ్రి" అనును.

2007లో రాబడిలేని గుళ్లకై ధూపదీప నైవేద్య పథకము వచ్చి, నెలకు 2,500 రూపాయలతో మొదలై, తెలంగాణమున 6,000కు, 2023లో 10,000కు పెరుగగా, పూజారి ఆశపడెను. "సర్కారు పైసలెంబడి సర్కారు లెక్క గూడ వస్తది అయ్యగారూ" అని కోశాధికారి దరఖాస్తును చిట్టా మధ్య భద్రపఱచెను. అది నేటికిని నలగక యున్నది.

మొన్నటి నవమికి హైదరాబాదునుండి వచ్చిన కుఱ్ఱవాడొకడు సభలోనే ఫోనుతో బాకీ నంతయు తీర్చివేసెను. కోశాధికారి తన ఫోనును దూరముగా పట్టి అంకెను రెండుమార్లు చదువుకొని, "ముట్టినయి బిడ్డా, మరి ఈ యేడు కొత్త చిట్టా పుస్తకం కొన్న పైసలో?" అనెను.