పంచాంక విజయం

అఖండ ఫార్మేటివ్ పరీక్షల సామ్రాజ్యానికి ఏడాదికి నాలుగు దండయాత్రలు. యాత్రకు ఇరవై మార్కుల కప్పం. ఆ ఇరవైనీ తలా ఐదు చొప్పున పంచుకునే సామంతులు నలుగురు. రాతపనికి నోటుబుక్కుల కోట ఉంది. ప్రాజెక్టు పనికి చార్టుల పతాకాలున్నాయి. లఘుపరీక్షకు కాగితాల సైన్యం ఉంది. 'భాగస్వామ్యం - ప్రతిస్పందనలు' అనే బరువైన బిరుదు మోసే నోటిమాట ఒక్కడే కోట లేనివాడు, జెండా లేనివాడు. గాలిలో పుట్టి గాలిలో పోతాడు.

అట్టి వీరుడి బలం తూచడానికి నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఒకానొక ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి రణరంగమైంది. 2022 మార్చి 8న పొరుగున వనపర్తిలో 'మన ఊరు - మన బడి' పథకం శంఖం మోగింది. ఆ వెంటనే వచ్చిన విద్యాసంవత్సరంలో ఒకటి నుంచి ఎనిమిది దాకా సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియానికి పట్టాభిషేకం జరిగింది. కనుక యుద్ధభాష ఇంగ్లీషు. నలభై ఐదు నిమిషాల పీరియడు, నలభై మంది యోధులు. హాజరు పిలిచేసరికే పది నిమిషాలు నేలకూలాయి.

సారు ఎర్రపెన్ను ఒరనుంచి దూసి, "మీ ఊరి గురించి ఇంగ్లీషుల రెండు ముక్కలు చెప్పుండ్రి" అన్నాడు. అమ్రాబాద్ అడవిలో పెద్దపులి గాండ్రించినా అంత నిశ్శబ్దం కమ్ముకోదు.

మొదటి బెంచీ నుంచి ఒక వీరాంగన లేచింది. "మై విలేజ్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్!" ఆ సింహనాదం నల్లబల్లను తాకి, వరండా దాటి, మధ్యాహ్న భోజనం పళ్లాలను గణగణలాడించింది. రెండో వాక్యం మాత్రం బయలుదేరలేదు. ఆమె ఫ్యాను వంక చూసింది. ఫ్యాను తన పని తాను చూసుకుంది. ఆ తర్వాత లేచినవాళ్లందరికీ అదే అస్త్రం దొరికింది. క్షణాల్లో జిల్లాలోని ఊళ్లన్నీ వెరీ బ్యూటిఫుల్ అయిపోయాయి.

చివరి బెంచీ పిల్లాడు లేచి, "మా ఊర్ల బోర్లన్ని ఎండిపాయె సార్. బ్యూటిఫుల్ యాడిది సార్?" అన్నాడు.

ఆ పూట ఆ గదిలో ఎవరైనా నిజంగా మాట్లాడారంటే వాడే. సారు పెదవుల మీద నవ్వు మెరిసింది. అంతలోనే యుద్ధధర్మం గుర్తొచ్చింది. "గదే ఇంగ్లీషుల చెప్పు." యోధుడు విరథుడై కూలబడ్డాడు. గంట కొట్టారు.

సారును తప్పుపట్టలేం. రేపు తనిఖీకి వచ్చేవారికి ఆధారం చూపాలి. గొంతును ఫైలులో కుట్టలేం కదా. పదో తరగతి పబ్లిక్ పరీక్షలోనైతే 80 మార్కులూ కాగితానివే. ఇక్కడికి దగ్గర్లోనే విద్వద్గద్వాల ఉంది. తిరుపతి వేంకట కవుల వంటి అవధానులు అడుగుపెట్టిన సంస్థానం. అక్కడ అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ప్రశ్నలు గుప్పించి, జవాబును చెవులతో విని తూచేవారు. కానీ వాళ్లు అవధానిని ఒక్కణ్ణే పరీక్షించేవారు, నలభై మందిని కాదు.

"చెప్పిందంతా నోటుబుక్కుల రాసుకొని రేపు తేండ్రి" అని సారు రాజాజ్ఞ జారీ చేశాడు. మర్నాడు బల్లమీద నోటుబుక్కుల గోపురం లేచింది. చివరి బెంచీ పిల్లాడిది అన్నిటికన్నా అడుగున ఉంది. అందులో గుండ్రటి అక్షరాలతో మై విలేజ్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్. ఐదుకు ఐదు.