కల్లంలో గురుదక్షత

కొత్తగా చేరిన అధ్యాపకుడికి కాస్త తర్ఫీదు ఇవ్వాలని ఢిల్లీ పెద్దలకు 1987లోనే తోచింది. అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టారు. 2015లో వాటిని మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలన్నారు, 2023లో మాలవీయ పేరు తగిలించారు. బోర్డులు రాసే పెయింటర్లకైతే ఏ లోటూ రాలేదు. యూజీసీ వారిది నెల రోజుల 'గురుదక్షత'. ఇంజనీరింగ్ మాస్టార్లకు ఏఐసీటీఈ మూడంచెలు కట్టింది: ఆన్‌లైన్‌లో 8 మాడ్యూళ్లు, మెంటర్ దగ్గర శిక్షణ, ఆపైన పరిశ్రమలో శిక్షణ.

మన గుంటూరు, ప్రకాశం వైపు కొన్ని ప్రైవేటు యాజమాన్యాలు ఈ మూడింటినీ ఒక్క ఫిబ్రవరిలో ముగించేస్తాయి.

చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలోకి పోతాయి. భద్రత కోసమే లెండి; మాస్టారు పారిపోకుండా భద్రత. మాడ్యూళ్లు ల్యాబ్ కంప్యూటర్లో వాటంతటవే నడుస్తుంటాయి. మెంటర్ అంటే పీఆర్వో గారు. ఆయన చదువు ఇంటర్‌తో ఆగింది గానీ, పర్చూరు నుంచి యర్రగొండపాలెం దాకా ఏ ఇంట్లో సెకండియర్ పిల్లలున్నారో నోటికి చెబుతారు. ఆయన ముందు పీహెచ్‌డీలు నోటుబుక్కులు పట్టుకుని నిలబడతారు. ఎవరికెన్ని సీట్ల టార్గెట్టో ఆయనే వేస్తారు. నిండకపోతే జూన్‌లో మాస్టారి సీటే ఖాళీ.

ఇక పరిశ్రమ. ఈ నేల మీద మిర్చిని మించిన పరిశ్రమేముంది? బ్రోచర్ల సంచీతో, ఘాటుకు తుమ్ముకుంటూ, ఎం.టెక్. మాస్టారు కల్లంలో దిగాడు. తాలుకాయలు ఏరుతున్న రైతు తలెత్తలేదు.

"బాబాయి గారూ, మా కాలేజీలో ఏఐ ఉంది, డేటా సైన్స్ ఉంది..."

"నల్ల తామరకి మందుందా?"

2021లో మిరప పూతనంతా తినేసిన పురుగది. సిలబస్‌లో లేదని చెప్పలేక మాస్టారు ప్లేస్‌మెంట్ల పేజీ తీశాడు. రైతు దాన్ని చూడనే లేదు.

"నీకు జీతం సరిగ్గా ఇస్తన్నారా?"

"రీయింబర్స్‌మెంట్ పడ్డాక ఇస్తామన్నారండి."

"నాదీ అంతేనయ్యా. పోయినేటి సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది, రేటొచ్చాక ఇస్తానని కూలోళ్లకి చెప్పా. వాళ్లు నీలాగా ఒప్పుకోలా."

రేటంటే గుర్తొచ్చింది. 2025లో ధర పడిపోయినప్పుడు కేంద్రం మిర్చి క్వింటాలుకు 11,781 రూపాయలని లెక్కగట్టింది. ఏఐసీటీఈ కూడా అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 57,700 మూలవేతనమని ఎప్పుడో రాసిపెట్టింది. కాగితం మీద ఇద్దరూ మారాజులే.

మాస్టారు ఇంక మొహమాటం వదిలేశాడు. "ఒక్క నంబరివ్వండి బాబాయి గారూ, సాయంత్రానికి పది పేర్లు రాసుకెళ్లాలి. మీ అబ్బాయి ఏం చదువుతున్నాడు?"

"చదువైపోయింది. ఎం.టెక్కే. వాడూ మీలాగే సంచీ తగిలించుకుని నర్సరావుపేట వైపు తిరుగుతున్నాడు." రైతు చేతులు దులుపుకుని జేబులోంచి ఫోన్ తీశాడు. "ఇంతకీ మీదేవూరు మాస్టారూ? మీ ఇంట్లో ఇంటర్ వాళ్లెవరన్నా ఉన్నారా? వాడికింకా నాలుగు పేర్లు తక్కువున్నయ్యంట."