ఒక కామా పంక్తికి టీకా తాత్పర్యములు

అవతారిక: పైతానులో సుఖముగా నడుచుచున్న ప్రోగ్రామును శుక్రవారములోగా జావాలోనికి దింపుమని మేనేజరు ఆజ్ఞాపింపగా, ఉద్యోగి ఈ పంక్తిని అక్షరము మార్పక దించుకొనిన సందర్భము.

మూలము:
వరుస = "రమణ,గుంటూరు,,"
గడులు = వరుస.స్ప్లిట్(",")

ప్రతిపదార్థము: వరుస = పేరు, ఊరు, ఫోను, పిన్‌కోడు అను నాలుగింటిలో కడపటి రెండును నింపని ఖాతాదారుని పంక్తిని; చుక్క = పాదపూరణము కాదు, తీసివేయరాదు; "," = కామా ఉన్నచోటనెల్ల; స్ప్లిట్ = కోయగా; గడులు = వచ్చిన ముక్కలు.

తాత్పర్యము: పైతానులో ముక్కలు 4. రమణ, గుంటూరు, ఆపై రెండు శూన్యములు. జావాలో 2 మాత్రమే. తోకనున్న శూన్యములను జావా ఎవరును అడుగకయే కత్తిరించును. మొదటిదానిని, నడిమివానిని మాత్రము ముట్టదు. కావున నాలుగవ గడిలో పిన్‌కోడు వెదకిన ప్రోగ్రాము ‘అరే ఇండెక్స్ అవుటాఫ్ బౌండ్స్’ అను ఆర్తనాదముతో కూలును. అన్ని గడులును నింపిన బుద్ధిమంతుల వరుసలతో పరీక్షించినవారికి ఈ దోషము కానరాదు. పిన్‌కోడు ఇయ్యని మొదటి మనిషి వచ్చిననాడు బయటపడును.

పూర్వపక్షము: “స్ప్లిట్‌కు పక్కన ఒక అంకె ఇచ్చిన చాలదా?” అందురేమో. ఆ అంకెతోనే అసలు చిక్కు. "క,ఖ,గ" అనుదానికి 2 అని ఇచ్చితిమి. పైతాను దానిని రెండు కోతలని గ్రహించి 3 ముక్కలిచ్చును. జావా రెండు ముక్కలని గ్రహించి "క", "ఖ,గ" అని ఇచ్చును. జావాస్క్రిప్టు అంతయు కోసి, మొదటి రెండు చేతబెట్టి, "గ"ను గంగలో కలుపును. చెప్పదు కూడ.

విశేషము: జావాలో కోతగుర్తు రెగెక్స్. కామా సాధువు గనుక తెలియలేదు. చుక్క వద్ద కోయబోయి "192.168.1.1"కు "." అని ఇచ్చిన, రెగెక్సులో చుక్క అనగా ఏ అక్షరమైనను అని గదా, ప్రతి అక్షరమును కోతగుర్తే అగును, మిగిలినవన్నియు శూన్యములు, అవియు తోకలే కావున రాలిపోయి ఫలము 0 ముక్కలు. దీనిని అద్వైతసిద్ధి అని మెచ్చుకొనువారు అర్ధరాత్రి ప్రొడక్షను ఫోను ఎత్తియుండరు.

పాఠాంతరము: ఖాళీ స్ట్రింగును కామా వద్ద కోసిన పైతాను, జావా ప్రతులలో ఒక శూన్యము లభించును, రూబీ ప్రతిలో అదియు లేదు.

అలంకారము: భ్రాంతిమంతము.

జావా ప్రతికి సాధుపాఠము: వరుస.స్ప్లిట్(",", -1). ఆ -1 లేఖకదోషమని తలచి ఎవరును కొట్టివేయకుందురు గాక.